మునిగిన ఊరికి మార్కులు

“భయమేస్తే చెప్పు తాతయ్యా, ఆపేస్తాను” అంది మనవరాలు, ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలిస్తూ.

రిటైరైన పోస్ట్‌మాన్ తలూపాడు. కంప్యూటర్ తెర నిండా ఆకుపచ్చ నీళ్ళు. వాటి అడుగున ఆయన ఊరు.

ఇరవయ్యారేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున ఎగువన ఆనకట్ట తెగింది. నిద్రపోతున్న ఊరు లేవనేలేదు. ఆ లోయ అప్పట్నుంచీ సరస్సే. కూతురికి పాప పుట్టిందని తెలిసి ముందురోజు మధ్యాహ్నం బస్సుకి పట్నం వెళ్ళాడు కాబట్టి పోస్ట్‌మాన్ మిగిలాడు.

“నేను పుట్టబట్టే మా తాతయ్యకి భూమ్మీద నూకలున్నాయి” అని ఆ పాప ఇప్పుడు తను పనిచేసే ఈ గేమ్ ఆఫీసులో అందరికీ చెప్పుకుంటుంది.

ఆట తయారు చేసినావిడ పక్కనే కాగితం పట్టుకుని కూర్చుంది. ఈతగాడు నీళ్ళలోకి దూకి మునిగిన ఊళ్ళో ఇల్లిల్లూ వెతకాలి. అదీ ఆట. ఒక్కో చోటు అసలు ఊరికి ఎంత దగ్గరగా ఉందో పోస్ట్‌మాన్ పదికి మార్కులెయ్యాలి.

“టైలరు మిషను కిటికీ పక్కనుండాలి. వాడికి చత్వారం” అన్నాడాయన. “బడి మెట్లు ఐదు కాదు, ఏడు.”

ఆవిడ రాసుకుంది. మనవరాలు మౌస్ కదిపింది. ఈతగాడి ఊపిరి బుడబుడమంటూ చెవుల్లో వినిపిస్తోంది. ఒక ఇంటి తలుపు నీటి వూపుకి దానంతటదే తెరుచుకుంది. లోపల మంచాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

“నెమ్మదిగా పోనీ తల్లీ” అన్నాడు గొంతు తగ్గించి. “పడుకున్నారు.”

మనవరాలు ఆయన చెయ్యి పట్టుకుంది.

వీధి చివర పోస్టాఫీసు వచ్చింది. ఆవిడ కలం పక్కన పెట్టింది.

“తాతగారూ, ఒకటడగనా? మా నాన్న ఆనకట్ట ఆఫీసులో గుమాస్తా. కట్ట బీటలిచ్చింది, ఇళ్ళు ఖాళీ చెయ్యండని ఇంటికో కాగితం రాసి ముందే పోస్టు చేశానన్నారు. ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం తీసేశారు. పోయేదాకా అదే మాట. ఆ కాగితాలు ఇక్కడికే రావాలి. ఒక్కటైనా వచ్చిందా?”

పోస్ట్‌మాన్ తెర మీంచి చూపు తిప్పలేదు.

“రాలేదమ్మా.”

ఆవిడ మళ్ళీ కలం తీసుకుంది.

“పోనీలెండి. ఇన్నాళ్ళకి తెలిసింది, అదే చాలు. ఆటలోనూ అలాగే పెట్టేస్తాను.”

మనవరాలు ఈతగాణ్ణి లోపలికి పంపింది. ఉత్తరాలు వేరుచేసే బల్ల వెనకాల చిన్న తలుపు కనిపించింది.

“సరస్సులో దిగినవాళ్ళు తీసిన ఫొటోలో ఇక్కడ ఏదో తలుపులా ఉంది” అంది ఆవిడ. “మసగ్గా ఉందనుకోండి. ఈ గదిలో ఏం పెట్టమంటారు?”

“గదా? అక్కడ గదెక్కడిది? గోడే. ముప్పయ్యేళ్ళు దానికి చేరగిలబడి టీ తాగాను. తలుపు తీసెయ్యండి.”

“మా తాతయ్య లెక్క తప్పడు మేడమ్” అంది మనవరాలు గర్వంగా.

ఆవిడ కీబోర్డు మీద రెండు మీటలు నొక్కింది. తలుపు పోయి గోడ వచ్చింది. కాగితం ఆయన ముందుకు జరిపింది. అందులో పోస్టాఫీసు అన్న మాటకి ఎదురుగా పోస్ట్‌మాన్ పదికి పది వేసి, కింద సంతకం పెట్టాడు.

ఇళ్ళు ఖాళీ చెయ్యమన్న అరవై మూడు కాగితాలనీ, మధ్యాహ్నం బస్సు తప్పిపోతుందన్న తొందరలో, తిరిగొచ్చాక పంచుదాంలే అనుకుని ఆ గదిలో పెట్టి తాళం వేసింది ఆయనే.