అమ్మకు కనపడని ముల్లు

జిల్లేడు పొదల వెనక ఒక తల్లి ముంగిస తన ఇద్దరు పిల్లలతో ఉండేది. అడవిలోని మిగతా పిల్లలంతా చెరువు గట్టున కొంగ చెప్పే పాఠాలకు వెళ్లేవారు. ముంగిస మాత్రం తన పిల్లలను పంపలేదు. వాసన పట్టడం, పాము జాడ కనిపెట్టడం, దెబ్బ తగిలితే ఏ ఆకు నూరాలో తెలుసుకోవడం, అన్నీ తానే నేర్పింది. "కొంగన్నా, నా పిల్లలకు నేను చాలు," అని కొంగతో ఒకసారి అనేసింది కూడా.

ఒకరోజు చిన్నవాడైన బుడ్డి కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంది. ముల్లు తీసేశాననుకుని తల్లి గాయపాకు నూరి పసరు పిండింది. మర్నాటికి కాలు వాచి, ఒళ్లు కాలిపోసాగింది. ఆమె మళ్లీ ఆకు కోసుకొచ్చింది.

"అమ్మా, పసరు పనిచేస్తే వాపు తగ్గాలని నువ్వే చెప్పావు కదా. ఇది పెరిగింది," అంది పెద్దపిల్ల పొన్న.

తల్లి ఆకును కింద పెట్టేసింది. కొంగతో అన్న మాట గుర్తొచ్చి, దాని దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. అయినా బుడ్డిని నోట కరుచుకుని చెరువు గట్టుకు పరుగెత్తింది.

కొంగ పాత మాట ఎత్తనేలేదు. పొడుగాటి ముక్కుతో లోపల విరిగి ఉన్న ముల్లుకొసను మెల్లగా లాగేసింది. సాయంత్రానికి జ్వరం దిగింది.

ఇంటికి వెళ్లే దారిలో పొన్న అడిగింది. "మనకు తెలియనప్పుడు ఎవరిని అడగాలో మాకెప్పుడూ నేర్పలేదేమమ్మా?"

"నేనే ఇవాళ నేర్చుకున్నానే," అంది తల్లి. "రేపు పొద్దున మన మొదటి పాఠం అదే."