ఊరు చూపించిన ఆదివారం

"నిద్ర కావాలని ఒక్క మాట చెప్పలేవూ?" వంటింట్లో పళ్ళు కొరుకుతూ భర్తను అడిగింది నీహారిక.

"నాన్నగారి స్నేహితుడు. ఎలా చెప్పను?" గొణిగాడు ఆదర్శ్.

వారం రోజుల నైట్ షిఫ్టు నిన్నటితో ముగిసింది. కళ్ళలో కారం కొట్టినట్టుంది. ఈ ఆదివారం పోతే నిద్రకు మళ్ళీ ఆదివారమే దిక్కు. అయినా నిన్న కాకినాడ రైలెక్కబోతున్న సోమేశ్వరరావు, పద్మావతి దంపతుల్ని "అయ్యో, ఊరు చూడకుండా వెళ్తారా? రేపు నేను దగ్గరుండి తిప్పుతాను" అని ఆపింది తనే. మాటవరసకే అన్నాడు. వాళ్ళేమో టికెట్లు క్యాన్సిల్ చేసుకుని కూర్చున్నారు. మన మర్యాదలు మండిపోనూ!

పొద్దున్నే గోల్కొండ ఎక్కించాడు. మధ్యాహ్నం శిల్పారామంలో ఒక్క కొట్టు వదలకుండా తిప్పాడు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ముందు నిలబెట్టి ఫొటోలు తీశాడు. "అబ్బ, ఎంత బావుందో!" అంటూ ఇద్దరూ ప్రతిచోటా తెగ మెచ్చుకున్నారు. అంత మెచ్చుకుంటుంటే ఇంకోటి చూపించక తప్పలేదు. సాయంత్రానికి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర కారాపి, టీ కోసం దిగాడు.

"ఏందన్నా, కండ్లు గంత ఎర్రగున్నయ్? ఇంటికి పొయ్యి జర పండుకోరాదు!" అన్నాడు టీ కొట్టతను.

మూడు కప్పులు పట్టుకుని వస్తుంటే, కారు కిటికీలోంచి పద్మావతి గొంతు వినిపించింది.

"ఈ బ్రిడ్జి చూడటం నాలుగోసారండీ. నా మోకాళ్ళు పోయాయి. అన్నీ చూసేశామని చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పనే? పాపం, కుర్రాడు ఎంత సరదాపడి చూపిస్తున్నాడు! కాదంటే చిన్నబుచ్చుకోడూ? నేను మాత్రం ఆ కోట మెట్లు ఇష్టపడి ఎక్కానా?"

ఆదర్శ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఒక్క మాట చాలు. అరగంటలో గోపన్‌పల్లి, ఫ్లాటు, మంచం, దుప్పటి! గబగబా వెళ్ళి టీ అందించాడు.

"బాబాయిగారూ, అలసిపోయినట్టున్నారు. ఇంటికెళ్ళిపోదామా?"

"అలసటా? భలేవాడివే!" మోకాలు నొక్కుకుంటున్న చెయ్యి చటుక్కున తీసేశాడు సోమేశ్వరరావు. "నువ్వు చూపిస్తుంటే ఇంకా చూడాలనే ఉంది బాబూ."

"అవును నాయనా," అంది పద్మావతి నవ్వు తెచ్చుకుని.

ఇక లాభం లేదు, ఉన్నదున్నట్టు చెప్పేయాల్సిందే అనుకున్నాడు ఆదర్శ్. గొంతు సవరించుకున్నాడు.

"అయితే రేపు సెలవు పెట్టేస్తాను బాబాయిగారూ, ఫిల్మ్ సిటీ కూడా చూసేద్దాం!"