పేలదని రుజువు

"కాయితంల యూనివర్సిటీ అని ఉన్నది సార్. నేను గీడనే చూడాలె."

చరిత్ర విభాగంలో తన గదిలో, తన కుర్చీలోనే కూర్చుని ఉన్న సుదర్శన్‌కు లేచి వెళ్లి గోడకు తల కొట్టుకోవాలనిపించింది. ఎదురుగా ఉన్న వీరస్వామి పోలీసు శాఖలో తుపాకులు పరీక్షించే ఆర్మరర్. పదకొండు నెలలు తిరిగితే దొరికిన మనిషి.

"అది నా ఆఫీసు అడ్రస్ సార్. తుపాకి తార్నాకల మా ఇంట్ల ఉన్నది."

"తెప్పియ్యుండ్రి మరి."

"లైసెన్సు లేకుండ రోడ్డు మీదికి తెస్తే కేసయితదని మీ ఆఫీసుల్నే చెప్పిన్రు."

"అయితది," అన్నాడు వీరస్వామి శాంతంగా. "తేవొద్దు."

"మరి ఎట్ల?"

"గదే చూస్తున్న."

పదకొండు నెలలూ ఇలాగే గడిచాయి. పాతకాలపు తుపాకి, రిపేరు చేసినా ఇక పేలదని పోలీసులు తేల్చి రాస్తే లైసెన్సు అక్కర్లేదు. పేలేదైతే కావాలి. పేలుతుందో లేదో చూడాలంటే తుపాకిని తీసుకురావాలి. తీసుకురావాలంటే లైసెన్సు కావాలి. ఒక గుమాస్తా దాని నంబరు అడిగాడు. నూరేళ్ల పైబడిన తుపాకికి నంబరెక్కడిదంటే, నంబరు లేని తుపాకి నేరం కదా అన్నాడు.

ఇవాళ మంగళవారం. గురువారం క్యాంపస్‌లో ప్రదర్శన. ఈ తుపాకి ఎక్కుపెట్టి దొర మనుషులను ఊరి పొలిమేర దాటించిన తాత కొమురెల్లి ఫొటో, పక్కనే అద్దాల పెట్టెలో తుపాకి. ఆహ్వానపత్రం మీద వేసిందీ దాని బొమ్మే. పోలీసు కాగితం లేనిదే దాన్ని గేటు దాటనివ్వనని రిజిస్ట్రార్ రాసి పంపాడు.

సుదర్శన్ పెన్ను తీసి దరఖాస్తులో యూనివర్సిటీ అడ్రస్ కొట్టేశాడు. పైన ఇంటి అడ్రస్ రాసి, పక్కన సంతకం పెట్టాడు.

"గిది ముందుగాలనే చేస్తే అయిపోతుండె గద సార్," అన్నాడు వీరస్వామి లేస్తూ. "పెద్ద సదువులు సదివిన్రు."

ఆటోలో సుదర్శన్‌కు చేతిలోని దరఖాస్తు మీద తన దస్తూరీ కనబడుతూనే ఉంది: 'సదరు తుపాకి ఎందుకూ పనికిరాదు. బాగుచేసినా పేలదు.' ఆ వాక్యం ఇప్పటికి ఎనిమిది కాగితాల మీద రాశాడు. రాసిన ప్రతిసారీ తాత వెనక నిలబడి చదువుతున్నట్టే ఉండేది. సంతకం పెట్టేటప్పుడు కలం ఒక క్షణం ఆగేది. నెగ్గాలంటే ఆయన చేతిలోది చచ్చిన ఇనుమని తనే నిరూపించాలి. దీనికి చిరాకు పడాలో సిగ్గుపడాలో అతనికి తెలియలేదు. చిరాకు తేలిక కనుక అదే పడుతూ వచ్చాడు.

తార్నాక ఫ్లాట్‌లో భార్య స్వర్ణ తలుపు తీసింది.

"వచ్చిన్రా సార్? పెండ్లయినప్పటి సంది దీని దుమ్ము దులుపుతున్న. లైసెన్సు ఇచ్చేదుంటే నాకియ్యుండ్రి."

"దులిపేటప్పుడు జాగ్రత్తమ్మా. పాత మందు లోపల ఉండిపోతది ఒక్కోసారి."

"మా మామ ఉన్నన్నాళ్లు గొట్టం దిక్కు ఎవ్వర్నీ నిలవడనియ్యలే. తన చేతితోనే గోడకు ఎక్కించిండు. దింపొద్దని ఒట్టేయించుకున్నడు."

సుదర్శన్ కుర్చీ ఎక్కి తుపాకిని దించి అందించాడు. వీరస్వామి దాన్ని రెండు చేతుల్లో ఒకసారి ఎగరేసినట్టు చేసి బరువు చూశాడు.

"తేలిగ్గున్నది."

"పాతది గద సార్."

వీరస్వామి సంచిలోంచి సన్నని ఇనుప చువ్వ తీసి గొట్టంలోకి దించాడు. అది రెండు వేళ్ల లోతుకు పోయి ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు. కదల్లేదు. స్వర్ణ వంటింటి గుమ్మంలోకి జరిగింది.

"మందా సార్?" అడిగాడు సుదర్శన్. అతని గొంతులో భయం కంటే ఆశ ఎక్కువగా ఉంది.

వీరస్వామి టార్చి వేసి చూశాడు. తర్వాత చిన్న చాకు తీసి, గొట్టం మధ్యలో నల్లరంగును కాస్త గీకాడు. చాకు కింద తెల్లటి పొట్టు లేచింది.

"కట్టె," అన్నాడు. "మూతి కాడ ఇంత పైపు ముక్క. మిగతాదంత కట్టె. మంచి వడ్లాయన చేసిండు." అతని ముఖం మొదటిసారి విప్పారింది. "మా ఊరికి ఏషమేసుకొని వచ్చే పిట్టలదొర భుజం మీద గిట్లాంటిదే ఉండె సార్. ఖాకీ నిక్కరు, టోపీ. హైద్రాబాదు నాదే, చార్మినారు నాదే అని కోతలు కోస్తుంటే పోరగాండ్లమంత నవ్వుకుంట ఎంబడి తిరిగేటోళ్లం."

స్వర్ణ భర్త వైపు చూడబోయి, చేతిలోని గుడ్డ వైపు చూసుకుంది.

"మీకైతే మంచిగయింది," వీరస్వామి టేబుల్ మీద కాగితం పరుచుకున్నాడు. "లైసెన్సు లేదు, మినహాయింపు లేదు, ఇగ ఏ ఆఫీసుకు పోయే పని లేదు. తుపాకే కాదని రాసిస్త. రేపే తీస్కపోయి పెట్టుకోండ్రి."

సుదర్శన్ గోడ మీద మేకు కింద మిగిలిన తెల్లటి చారను చూశాడు. వెళ్లి వీధి తలుపు వేసి వచ్చాడు. అప్పటికే కాగితం మీద పెట్టిన పెన్నును, వీరస్వామి చేతితో సహా పట్టుకున్నాడు.

"పేలుతదని రాయుండ్రి సార్," అన్నాడు మెల్లగా. "లైసెన్సుకు ఎన్నేండ్లయినా నేను తిరుగుత."