కమాండరుగారి సంస్మరణ సభ

“మీరే చంపారు కమాండర్ని! ఈ గదిలో కూర్చున్నవాళ్ళే!”

ముసలాయన బల్ల మీద గుద్దిన గుద్దుకి ఫొటో బోర్లా పడింది. తెరచాప పడవల క్లబ్బు కార్యదర్శి గబుక్కున లేచి దాన్ని నిలబెట్టాడు. ఫొటోలో కమాండరుకి తెల్ల యూనిఫాం, ఒత్తయిన మీసం, తలనిండా జుట్టు. గుద్దిన ముసలాయనకి మీసమూ లేదు, జుట్టూ లేదు. నోరు మాత్రం ఉంది.

“కాస్త మెల్లగా మాట్లాడండి. సంస్మరణ సభ పెట్టమన్నది మీరే కదా,” అన్నాడు కార్యదర్శి.

“మెల్లగా మాట్లాడేవాళ్ళు ఇంతసేపూ మాట్లాడారుగా! సముద్ర సింహమట! తుఫానులకి ఎదురొడ్డాడట! ఎవడు రాశాడయ్యా ఇదంతా?”

“నేనేనండీ.”

“చించెయ్. కమాండరుకి ఓడెక్కితే వాంతులు. నేవీవాళ్ళు ఆ సంగతి మొదటి ప్రయాణంలోనే కనిపెట్టి, ఒడ్డున గోదాములో కూర్చోబెట్టారు. ఉద్యోగమంతా సబ్బులూ దుప్పట్లూ పంచి రిటైరయ్యాడు మీ సింహం!”

వెనక వరసలో తెరచాపలు కుట్టే దర్జీ కిసుక్కుమన్నాడు. ముందు వరసలో కమాండరు కూతురు నవ్వలేదు. ఆవిడ పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళ నోరు తెరిపించడమే గానీ తను తెరవడం అలవాటు లేదు. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, కుర్చీ కింద ఓ పెద్ద సంచీ పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. బయట గట్టు మీద కమాండరు చిన్న పడవని స్తంభానికి గొలుసుతో కట్టేశారు. గొలుసుకి తాళం. తాళంచెవి ఎవరి బ్యాగులో ఉందో సభలో అందరికీ తెలుసు.

“మరి పడవలో వాంతులు రాలేదాండీ?” అడిగాడు దర్జీ.

“రాలేదు. చుక్కాని మన చేతిలో ఉంటే కడుపు తిప్పదు. ఆ ముక్క తెలిసేసరికి మనిషికి అరవై దాటాయి. అప్పుడు మొదలెట్టాడు. మొదటిరోజు వెళ్ళి గట్టుకి గుద్దాడు. మర్నాడు కార్యదర్శి పడవకి గుద్దాడు.”

“కొత్త పడవండీ అది,” అన్నాడు కార్యదర్శి, ఆ బాధ ఇంకా చల్లారనట్టు.

“తెరచాప చింపుకొచ్చేవారు. నేను కుడుతుంటే పక్కన నిలబడి నాకే పాఠాలు చెప్పేవారు,” అన్నాడు దర్జీ.

“సూదిలో దారం ఎక్కించడం రాని మొహానికి పాఠాలొకటి! ఉత్త బడాయి మనిషి. ఒప్పుకుంటాను. కానీ నీళ్ళ మీద ఉన్నంతసేపూ బతికాడయ్యా! అదెందుకు లాక్కున్నారు?”

కూతురు లేచింది.

“పడవ తిరగబడింది కాబట్టి! ఒంటి మీద లైఫ్‌జాకెట్ లేదు కాబట్టి! మెత్తగా ఉంటుందని మడతపెట్టి దాని మీద కూర్చున్నారట. ఈత వచ్చన్న ధీమా ఒకటి. ఆ వయసులో, ఆ అలల్లో ఏం ఈత? గట్టు మీద నిలబడి అరిచింది నేను. మీరెవరూ కాదు.” కళ్ళు తుడుచుకుంది.

ముసలాయన నోరు కాస్త తగ్గింది.

“జాకెట్ వేసుకోకపోవడం తప్పే. మెత్తదనం వంక. అది తగిలించుకుంటే పొట్ట పీపాలా కనపడుతుందని సిగ్గు.”

“పొట్టా? ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదే!”

“ఏ మొహం పెట్టుకుని అంటాడు, యూనిఫాం తొడిగిన మనిషి! కానీ అమ్మా, ఆ రోజు తిరగబడింది పడవ. మనిషిని చంపింది నీ తాళం. అద్దాలు బిగించిన బాల్కనీలో కుర్చీ వేసి, అదిగో సముద్రం, చూస్తూ కూర్చోమన్నావు. గాలి తగలదు. తొట్టిలో చేప బతుకు. చివరికి పిచ్చెత్తి, డాబా మీద పక్కింటావిడ ఆరేసిన దుప్పటికి తాళ్ళు కట్టి, గాలివాటం చూసి తిప్పుతూ నిలబడ్డాడు. ఆవిడ ఎన్ని తిట్లు తిట్టిందో నీకు తెలీదు.”

“ఎందుకు తెలీదు? చిరిగిన దుప్పటికి బదులు కొత్తది కొనిచ్చింది నేనే.” ఏడుపులోనే నవ్వొచ్చేసింది ఆవిడకి.

“అదీ ఒక బతుకేనా? నువ్వే చెప్పు.”

ఆవిడ ఇబ్బంది చూడలేక కార్యదర్శి లేచాడు. “ఇక అందరం నిలబడి మౌనం పాటిద్దాం.”

“కూర్చో! మౌనానికి తొందరేం లేదు, తర్వాత కావలసినంత పాటించుకోవచ్చు. ముందు తీర్మానం. ఆ తాళం తియ్యాలి. రేపు కాదు, కమిటీ వేసి కాదు. ఇప్పుడే! గాలి బాగుంది.”

కూతురు బ్యాగు తెరిచింది. తాళంచెవి తీసి ఫొటో ముందు పెట్టింది. ముసలాయన ఆత్రంగా చెయ్యి చాచాడు. ఆవిడ తాళంచెవి మీద అరచెయ్యి మూసి, రెండో చేత్తో కుర్చీ కింది సంచీలోంచి నారింజరంగు జాకెట్ లాగి ఆయన చేతుల్లో పడేసింది.

“ఈసారి తొడుక్కునే వెళ్ళు, నాన్నా.”