ముల్లు మీది గోళ్ళరంగు

షూటింగ్ రేంజిలో బ్రిటా తన కార్బైన్ తుపాకి ఎత్తి గురి చూసింది. విసుగ్గా దించేసింది.

కొత్తగా కొని తుపాకి మీద బిగించిన రెడ్ డాట్ గురి అద్దంలో ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. కానీ గొట్టం చివరనున్న పాతకాలపు ఇనుప గురిముల్లు సరిగ్గా ఆ చుక్క కిందికే వచ్చి, గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా అడ్డుపడుతోంది.

పైగా ఆ ముల్లు కొనకి ఎవరో ఎప్పుడో గోళ్ళరంగు పూశారు. గులాబి రంగు.

"స్టేషన్ బీరువాలో అన్ని తుపాకులుంటే నీకీ పెళ్ళికూతురే దొరికిందా?" పక్క బల్ల దగ్గర డ్వేన్ నవ్వాడు. ఇద్దరూ షెరీఫ్ ఆఫీసులో కొత్త డిప్యూటీలు.

"నోరు ముయ్యరా. మధ్యాహ్నం గురి పరీక్ష. పోయినసారి తప్పాను. ఈసారీ తప్పితే బ్యాడ్జి తిరిగిచ్చేయాలి."

"అందుకే చెప్తున్నా, ఆ ఇనప సామాను ఊడబీకెయ్. ఈ రోజుల్లో ఎవరు చూస్తున్నారు దాంట్లోంచి?"

"ముల్లు తియ్యకమ్మాయ్."

వెనక నుంచి వచ్చింది మాట. ఉన్ని కుల్లా పెట్టుకున్న ఒక పెద్దావిడ వంగి, నేల మీది ఖాళీ ఇత్తడి తూటా తొడుగులు ఏరి కాఫీ డబ్బాలో వేసుకుంటోంది. ఏ రేంజిలోనైనా అలాంటి ముసలివాళ్ళు ఒకరిద్దరుంటారు. ఇంటికి తీసుకెళ్ళి వాటిలో మళ్ళీ తుపాకి మందు కూరుకుంటారు. వాళ్ళ ముఖాలు ఎవరూ చూడరు.

"అడ్డమొస్తోంది పెద్దమ్మా," అంది బ్రిటా.

"అడ్డమొస్తే చుక్కనో మెట్టు పైకెక్కించు. అద్దం కింద ఓ ఎత్తుబిళ్ళ వేస్తే ముల్లు కింది అంచుకి దిగిపోతుంది. పనిపడేదాకా కంటికి ఆనదు. పనిపడితే అక్కడే ఉంటుంది."

"నాకు చుక్క చాలు."

"చుక్క బ్యాటరీ తిని బతుకుతుంది. ముల్లుకి తిండి అక్కర్లేదు."

"పెద్దమ్మా, కబుర్లతో డబ్బా నిండదు," అన్నాడు డ్వేన్.

"నిండుతుందిలే బాబూ. నీ బల్ల కింద చాలానే పడ్డాయి. ఎదురుగా గురి అట్ట మీదే ఏమీ పడ్డట్టు లేదు."

బ్రిటాకి నవ్వొచ్చింది. ఆపుకుంది.

"మేం కాల్చాలి. మీరు పసుపు గీత వెనక్కి వెళ్ళండమ్మా," అంది.

పెద్దావిడ వెంటనే గీత దాటి వెనక్కి జరిగింది. కాసేపు అక్కడే నిలబడింది.

"ఒక్కసారి పట్టుకోనిస్తావా దాన్ని?"

"ఇది డిపార్ట్‌మెంటు తుపాకి. బయటివాళ్ళు ముట్టుకోకూడదు."

"అవును. నిజమే," అంది ఆవిడ. కోపం తెచ్చుకోలేదు.

బ్రిటా తుపాకి ఖాళీ చేసి, ముల్లు దిమ్మెని పట్టుకున్న మేకుని చిన్న సుత్తితో కొట్టింది. కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టింది. వేలికి తగిలింది తప్ప మేకు రాలేదు.

వేలు నోట్లో పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి పెద్దావిడ లేదు. బల్ల చివర నల్లటి ఎత్తుబిళ్ళ ఒకటి ఉంది. పక్కనే దానికి సరిపడే పొడుగు మరలు.

బ్రిటా కాసేపు దానివంక చూసింది. తర్వాత అద్దం విప్పి, బిళ్ళ వేసి బిగించింది. ముల్లు అద్దం అడుక్కి దిగింది. చుక్క పైన ఒంటరిగా నిలిచింది. నాలుగు గుళ్ళు కాల్చి చుక్కని మళ్ళీ సరిచేసుకుంది.

"మొత్తానికి ముసలమ్మ మాట విన్నావ్," అన్నాడు డ్వేన్.

"వినలేదు. మేకు రాలేదు, అంతే."

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. సన్నగా మంచు తుంపర మొదలైంది. సార్జెంట్ హాల్వర్సన్ గడియారం పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

మొదటి వరస గుళ్ళు అట్టకి బాగానే తగిలాయి. రెండో వరసవీ తగిలాయి.

ఆఖరి వరసకి ఈల మోగింది. బ్రిటా కార్బైన్ ఎత్తింది.

అద్దం ఖాళీగా ఉంది.

అద్దం పక్కనున్న మీట తిప్పింది. చుక్క రాలేదు. చలికి బ్యాటరీ చచ్చిపోయింది.

గడియారం నడుస్తోంది. మబ్బు, కొండ, అట్ట, అన్నీ ఒకటే బూడిదరంగు. అందులో ఒక్కటే కనిపించింది. అద్దం అడుగున, గులాబి రంగు కొన.

బ్రిటా బొటనవేలితో వెనక మడిచి ఉన్న కన్నపు గురి పైకి లేపింది. కన్నంలో గులాబిని నిలబెట్టింది. ఊపిరి బిగపట్టి ట్రిగ్గర్ నొక్కింది. మళ్ళీ నొక్కింది.

సార్జెంట్ అట్ట దాకా నడిచి వెళ్ళి చిల్లులు చూసి వచ్చాడు.

"బ్యాడ్జి నీ దగ్గరే ఉంచుకో."

బ్రిటా తడి బల్ల మీద కూలబడింది. "పాసైంది నేను కాదు సార్. గోళ్ళరంగు."

సార్జెంట్ నవ్వాడు. "పొద్దున మార్లిస్ వచ్చిందా ఇటు?"

"మార్లిస్ ఎవరు సార్?"

"ఉన్ని కుల్లా. చేతిలో కాఫీ డబ్బా."

బ్రిటా నేల వైపు చూసింది. పొద్దున తను కాల్చిన చోట ఒక్క ఇత్తడి తొడుగైనా లేదు.

"వచ్చింది సార్. నేను సరిగ్గా మాట్లాడలేదు. ఎక్కడుంటుంది ఆవిడ?"

"ఈపాటికి ఆవిడెక్కిన బస్సు కొండ కనుమ దాటేసుంటుంది. ఇక్కడి చలి తట్టుకోలేక అరిజోనాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక రాదు."

సార్జెంట్ కార్బైన్ అందుకుని, ముల్లు కొన రంగు మీది తడిని బొటనవేలితో మెల్లగా తుడిచాడు.

"మాకందరికీ కాల్చడం నేర్పింది ఆవిడే. ఉద్యోగమంతా మోసిన తన కార్బైన్‌ని ఊరు వదిలేముందు ఒక్కసారి చేతుల్లోకి తీసుకుంటానంటే నేనే ఇటు పంపాను, ఇచ్చావా?"