వెనక ఎడమ మైకు

"వెనక ఎడమ మైకు చచ్చింది. కింద పడేశావా?" హెడ్‌ఫోన్లు తీయకుండానే అరిచారు మా రికార్డింగు మాస్టారు.

ఖాళీ హాలు నడుమ ఐదు మైకులు గుండ్రంగా నిలబెట్టింది నేనే. రబ్బరు బుడగ పేలిస్తే హాలు ఎలా మోగుతుందో అన్ని వైపుల నుంచీ పట్టుకోవాలి. ఒక్క మైకు పాడైనా ఉద్యోగం ఊడుతుంది. మా ఇల్లు నెల జీతం ముఖం చూసింది నావల్లే.

"పడేయలేదండీ."

"మైకును పసిపిల్లలా ఎత్తమన్నాను. ముల్లంగిలా పీకమన్నానా? మార్చు."

మైకు మార్చి బుడగ పేల్చాను. ఆయన తల అడ్డంగా ఊపారు. వైరు కూడా మార్చి మళ్లీ పేల్చాను.

"ఊహూఁ. ఆ పక్క గోడే లేనట్టుంది."

హెడ్‌ఫోన్లు అడిగి పెట్టుకున్నాను. రికార్డయిన మోత రెండు చెవుల్లోనూ నిండుగా వినిపించింది. ప్రాణం లేచొచ్చింది.

"బాగానే ఉందండీ!"

"నాకు చెబుతావా?" అంటూ లాక్కుని పెట్టుకుని మళ్లీ విన్నారు. "ఎక్కడ? ఎడమ పక్క నిశ్శబ్దమే."

ఆ సంబరంలో నోరు జారాను. "తిరగేసి పెట్టుకున్నారండీ! ఇప్పుడు మీ ఎడమ చెవిలో ఉన్నది కుడి మైకు."

మాస్టారు హెడ్‌ఫోన్లు మెల్లగా తీశారు. వాటిని చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంకోసారి పేల్చమ్మా," అంటూ కళ్లు మూసుకున్నారు.

నేను ఆయనకు ఎడమ పక్కగా వెళ్లి నిలబడి బుడగ పేల్చాను.

ఆయన ఉలిక్కిపడి కుడివైపు తిరిగారు.