నలుగురూ ఏమనుకుంటారో

పక్క చెరువులో ఎవరి మనసులో మాట వాళ్లు గట్టు బురదలో రాసేవారు, దారిన పోయేవాళ్లు చదివేవారు. ఈ చెరువు గట్టున మాత్రం ఒక్క అక్షరం కూడా లేదు.

ఎండాకాలంలో నీటి ఊట ఎక్కడుంటుందో ముసలి తాబేలు నింపాదమ్మ ఒక్కదానికే తెలుసు. మతిమరుపు ముదురుతోందని, మరిచిపోయేలోగా రాయబోయింది.

"నలుగురూ ఏమనుకుంటారు పెద్దమ్మా?" అంది కప్ప.

"ఎవరే ఆ నలుగురూ? అడిగొస్తానుండు."

"నేనేమంటాను? పీత నోటికి జడిసి నేనే రాయడం లేదు" అంది కొంగ. పీత చేప పేరు చెప్పింది, చేప కప్ప పేరు చెప్పింది.

"నేనా? నాకు కొంగంటే భయం" అంది కప్ప.

ఇంత తిరిగొచ్చేసరికి నింపాదమ్మ ఊట సంగతి మరిచేపోయింది. "ఊట ఎక్కడో తెలిసినవాళ్లు కింద రాయండి" అని బురదలో రాసింది.

మర్నాటికి కింద నలుగురూ రాశారు, పెద్దమ్మ అక్షరాలు వంకరగా ఉన్నాయని.